టర్బో కారుకి కోల్డ్ ఎయిర్ ఇంటేక్: పైపు కాదు, డబ్బా చూడాలి

మడపాం టోల్‌గేట్ దగ్గర బారికేడ్ లేవగానే పక్క లేన్‌లోంచి ఒక చిన్న కారు 'సూఊఊ... ఫ్ష్' అనుకుంటూ దూసుకుపోతే, అది విన్న ప్రతి టర్బో కారు (ఇంజనులోకి గాలిని నొక్కి పంపే టర్బో అనే పంపు ఉన్న కారు) ఓనర్ బుర్రలో ఒక పురుగు దూరుతది. అదేంటి అని అడిగితే కోల్డ్ ఎయిర్ ఇంటేక్, అంటే ఇంజనుకి బయటి చల్లగాలి పట్టుకొచ్చే పైపు, ఫిల్టర్ల సెట్టు, వేయించాడంటారు, వేయిస్తే పికప్ పెరుగుతుందంటారు, పది పదిహేను హార్స్ పవర్ వస్తుందని కూడా ఎవరో ఒకరు అనేస్తారు. శబ్దం మాట వందకి వంద నిజం. పికప్ మాట దగ్గరే లెక్క తేడా కొడతది, అందులోనూ శ్రీకాకుళం, విజయనగరం రోడ్ల మీద తిరిగే బండికైతే ఆ లెక్కలోకి బుగ్గి (దుమ్ము), గెడ్డ (వాగు) నీళ్లు కూడా వచ్చి కూర్చుంటాయి.

అసలు ఈ రెండు జిల్లాల్లో టర్బో కొత్తేం కాదు. ప్రతి ఊళ్లో తిరిగిన స్విఫ్ట్ డీజిల్‌లో ఉన్న 1.3 లీటర్ ఇంజను టర్బోదే, బొలేరో, స్కార్పియో కూడా అంతే, కాకపోతే వాటిని ఎవరూ టర్బో కారు అని పిలుచుకోలేదు, డీజిల్ బండి అన్నారంతే. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య రూల్స్ వచ్చి మారుతి డీజిల్ ఆపేశాక చిన్న టర్బో పెట్రోళ్ల జోరు మొదలైంది: పోలో, వర్టస్, టైగన్‌లో 1.0 టీఎస్ఐ, 120 పీఎస్‌ల (పీఎస్ అంటే ఇంచుమించు ఒక హార్స్ పవర్) ఐ20 ఎన్ లైన్, నెక్సాన్, ఫ్రాంక్స్ బూస్టర్‌జెట్. వర్టస్ సంగతే చూస్తే లీటరు ఇంజనులోంచి 115 పీఎస్, 178 న్యూటన్ మీటర్ల తిప్పే బలం (టార్క్) తీస్తన్నారు. అంత తీయాలంటే ఫుల్ యాక్సిలరేటర్‌లో ఆ ఇంజను సెకనుకి సుమారు 70 లీటర్ల గాలి మింగాలి, అంటే ఇంటికొచ్చే 20 లీటర్ల వాటర్ టిన్ను సైజులో సెకనుకి మూడున్నర టిన్నులన్నమాట. ఇంత గాలి పోయే దారి కదా, కొంచెం వెడల్పు చేస్తే లాభం ఉండాలి కదా అనిపించడం సహజమే.

ముందు పేరు దగ్గరే ఒక తిరకాసు ఉంది. కంపెనీ నుంచి వచ్చిన బండిలో గాలి ఎక్కణ్ణుంచి వస్తుందో బానెట్ ఎత్తి చూస్తే, చాలా వాటిలో గ్రిల్ వెనకాలో హెడ్‌లైట్ పక్కనో ప్లాస్టిక్ ముక్కు ఒకటి ఉంటది, అది బయటి గాలినే లాగుతది, అక్కణ్ణుంచి మూసి ఉన్న డబ్బాలోకి, డబ్బాలో ఫిల్టర్, అది దాటాక టర్బోకి. అంటే కోల్డ్ ఎయిర్ ఇంటేక్ బండితోపాటే వచ్చేసింది. ఆన్‌లైన్‌లో ఆ పేరుతో అమ్మేవాటిలో సగం, డబ్బా తీసేసి దాని జాగాలో బానెట్ కింద ఒక కోన్ ఫిల్టర్ బోర్లించేవే, వాటిని షార్ట్ ర్యామ్ అంటారు, అవి లాగేది ఇంజను వేడికి కాగిన గాలిని. మే నెల మధ్యాహ్నం విజయనగరం కోట జంక్షన్ ట్రాఫిక్‌లో బండి నిలబడి ఉంటే బయట 40 డిగ్రీలున్నా బానెట్ కింద 60 దాటడం పెద్ద విషయం కాదు. చల్లగాలి పేరు పెట్టి వేడిగాలి అమ్ముతున్నారనొచ్చు.

సరే, ఆ 20 డిగ్రీల తేడా ఇంజనుకి ఎంత తగులుతది? టర్బో లేని బండిలో అయితే సూటి లెక్క: గాలి 20 డిగ్రీలు వేడెక్కితే ఆరు శాతం పలచబడతది, పవర్ కూడా ఇంచుమించు ఆ లెక్కనే పడిపోద్ది. టర్బో బండిలో కథ వేరు, ఎందుకంటే టర్బో గాలిని నొక్కేటప్పుడు అదే దాన్ని మంటలా వేడి చేసేస్తది. బయటి ఒత్తిడికి రెండు రెట్లు నొక్కుతోంది, కంప్రెసర్ (టర్బోలో గాలిని నొక్కే చక్రం) సామర్థ్యం 70 శాతం అనుకుని లెక్కేస్తే, 40 డిగ్రీల్లో లోపలికెళ్లిన గాలి దాదాపు 138 డిగ్రీల్లో బయటికొస్తది, 60 డిగ్రీల్లో వెళ్లింది 164లో వస్తది. చూశారా, 20 డిగ్రీల తేడా కాస్తా 26 అయింది, అమ్మేవాళ్లు ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు. కానీ దాని తర్వాత ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ ఉంది కదా, ఆ వేడిలో 70 శాతం అది తీసేస్తదనుకుంటే మొదటిది 69 దగ్గర, రెండోది 77 దగ్గర తేలతాయి. మిగిలిన తేడా 8 డిగ్రీలు. అంటే రెండు శాతం చిల్లర. అదీ బండి నిలబడి ఉన్నప్పటి వేడి అలాగే ఉండిపోతే. హైవే ఎక్కి 80లో పోతుంటే ఎదురుగాలికి బానెట్ కింద వేడి కొంత తగ్గుతది, ఆ తేడా ఇంకా కుంచించుకుపోద్ది.

ఈ తీరప్రాంతంలో ఉక్కపోత ఇంకొకటి. 36 డిగ్రీల ఎండ, 70 శాతం తేమ ఉన్న రోజున గాలిలో నాలుగు శాతం దాకా నీటి ఆవిరే ఉంటది, అంత ఆక్సిజన్ జాగాని అది ఆక్రమించేసినట్టే. కళింగపట్నం బీచ్ రోడ్డులో బండి బద్ధకంగా ఉందని ఇంటేక్‌ని తిట్టుకునేవాళ్లు ఈ సంగతి పట్టించుకోరు. ఎన్ని వేలు పోసి ఏ పైపు వేసినా ఆ తేమని అది ఆపలేదు.

ఇక అడ్డంకి లెక్క. ఫిల్టర్, డబ్బా, ముక్కు అన్నీ కలిపి గాలికి కొంత అడ్డం పడతాయి, ఫుల్ థ్రాటిల్‌లో (యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు) అది 3 కిలోపాస్కల్, అంటే బయటి గాలి ఒత్తిడిలో మూడు శాతం, అనుకుందాం. టర్బో లేని ఇంజను ఈ మూడు శాతాన్ని నేరుగా నష్టపోద్ది, అందుకే పాత రోజుల్లో ఆ బండ్లకి ఇంటేక్ వేస్తే ఎంతో కొంత తేడా తెలిసేది. టర్బో బండిలో ఈసీయూ (ఇంజను కంప్యూటర్) అనే మేనేజరు ఒకడు కూర్చుని ఉంటాడు, వాడికి ఇంత బూస్ట్ (టర్బో గాలిని నొక్కే ఒత్తిడి) కావాలని టార్గెట్ ఉంటది, ముందు అడ్డంకి ఉంటే వేస్ట్‌గేట్ (టర్బోని తిప్పే పొగని పక్కకి వదిలే తలుపు) కొంచెం మూసి టర్బోని ఇంకాస్త తిప్పి ఆ టార్గెట్ కొట్టేస్తాడు, అడ్డంకి తీసేస్తే వేస్ట్‌గేట్ తెరిచి మళ్లీ అదే టార్గెట్ దగ్గర ఆపేస్తాడు. అడ్డంకి పోయినందుకు టర్బోకి కొంచెం ఊపిరి ఆడుతది, గాలి నాలుగైదు డిగ్రీలు తక్కువ వేడెక్కుతది, ఇంటర్‌కూలర్ దాటాక అది ఒకటి రెండు డిగ్రీలకి దిగిపోద్ది. చక్రాల దగ్గరికొచ్చేసరికి ఒక శాతం మిగిలితే గొప్ప. 115 పీఎస్‌లో ఒక శాతం అంటే ఒక్క గుర్రం, అది కూడా బక్కది.

మరి డైనో (చక్రాల దగ్గర పవర్ కొలిచే మిషను) షీట్‌లో ఎనిమిది పది హార్స్ పవర్ లాభం చూపిస్తారు కదా అంటే, ఒక సంగతి గమనించాలి, డైనో మీద బానెట్ ఎత్తి ముందు పెద్ద ఫ్యాన్ పెట్టి రన్ చేస్తారు, అప్పుడు తెరిచి ఉన్న కోన్‌కి గదిలోని చల్లగాలే దొరుకుద్ది. అదే బండి ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు సెకండ్ గేర్‌లో, బానెట్ మూసి, ముందు టూరిస్ట్ బస్సు పొగ పీలుస్తూ ఎక్కుతది. పైగా ఒకే బండిని వరసగా రెండుసార్లు తిప్పినా డైనోలో ఒకటి రెండు శాతం తేడా మామూలుగానే వస్తది, కాబట్టి మూడు హార్స్ పవర్ లాభం అని ఎవరైనా చూపిస్తే అది లాభమో మిషను ఊగిసలాటో చెప్పడం కష్టం.

స్టాక్ డబ్బా, అంటే కంపెనీ నుంచి బండితో వచ్చిన డబ్బా, నిజంగా ఊపిరి ఆపేస్తోందా లేదా తెలుసుకోవడానికి లక్షల డైనో అక్కర్లేదు, తాపీ మేస్త్రి లెవెల్ పైపు చాలు. ఫిల్టర్‌కీ టర్బోకీ మధ్య పైపులో చిన్న సన్న గొట్టం కలిపి, లెవెల్ పైపుని యూ ఆకారంలో వంచి సగందాకా నీళ్లు పోసి, ఒక కొస దానికి తగిలించి రెండో కొస గాలికి వదిలేస్తే, ఫుల్ థ్రాటిల్‌లో నీటిమట్టం రెండు వైపులా ఎంత తేడా వచ్చిందో కనిపిస్తది. పది సెంటీమీటర్ల తేడా అంటే ఒక కిలోపాస్కల్. పైపు రెండు కాళ్లూ నీటిమట్టం నుంచి మీటరు పైన ఎత్తుండాలి లేపోతే నీళ్లు టర్బోలోకి పోతాయి, చూసే పని పక్క సీట్లో కూర్చున్నవాడిది, డ్రైవర్‌ది కాదు, టర్బో తర్వాతి పైపుకి పొరపాటున తగిలిస్తే బూస్ట్ ఒత్తిడికి నీళ్లన్నీ ముఖాన కొడతాయి. 20, 25 సెంటీమీటర్లలోపు చూపిస్తే స్టాక్ డబ్బాతో గొడవేం లేదన్నట్టే. సాలూరు లారీల వాళ్లకి ఈ ఆలోచన పాతదే, పెద్ద డీజిల్ ఇంజన్ల ఎయిర్ క్లీనర్ మీద ఎర్ర గీత చూపించే ఇండికేటర్ పని ఇదే, వాటిలో మామూలుగా 25 అంగుళాల నీటిమట్టం దగ్గర, అంటే 63 సెంటీమీటర్ల దగ్గర, ఫిల్టర్ మార్చమని గీత పడతది. లారీ వాడు కొలిచి మార్చుతుంటే, కారు వాడు చెవితో విని మార్చుతున్నాడు.

ఇప్పుడు దుమ్ము. ఇక్కడే ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఇంటేక్ మార్చితే లాభం ఒక శాతం అయినా నష్టం మాత్రం ఇంజను మొత్తం. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల లారీలు తిరిగే దారిలో అరగంట నడిపితే కారు రంగే మారిపోద్ది, ఆ పొడిలో ఉండేది క్వార్ట్జ్, ఇనుముని కూడా అరగదీసే సరుకు. డిసెంబరు, జనవరి నూర్పుల టైములో పల్లె రోడ్లే కల్లాలైపోతాయి, ఊక, గడ్డి నలుసు, బుగ్గి అన్నీ గాలిలోనే ఉంటాయి. వర్షం లేని నెలల్లో ఉద్దానం జీడితోటల మధ్య మట్టి బాటల్లో ముందు ఒక ఆటో పోతే వెనక కారుకి దారి కనిపించదు. ఈ గాలిని పీల్చే టర్బోలో అల్యూమినియం చక్రం చిన్న ఇంజన్లలో నిమిషానికి రెండు లక్షల సార్లు తిరుగుద్ది. ఆ వేగంలో సన్న ఇసుక రేణువు కూడా ఉలి దెబ్బే, రెక్కల అంచులు మొద్దుబారిపోతాయి, మిగతా పొడి సిలిండర్‌లోకి పోయి రింగుల్ని తింటది, ఆయిల్ తాగడం మొదలవుద్ది.

ఫిల్టర్ ప్యాకెట్ మీద 99 శాతం, 97 శాతం అని పక్కపక్కన రాసి ఉంటే రెండూ ఒకటేలా కనిపిస్తాయి. లోపలికి పోయే దుమ్ము వైపు నుంచి చూస్తే ఒకటి ఒక చెంచా, ఇంకోటి మూడు చెంచాలు. అందుకే ఫిల్టర్ కొనేటప్పుడు ఎంత గాలి వదులుద్ది అని కాకుండా ఎంత దుమ్ము ఆపుద్ది అని అడగాలి, ఐఎస్ఓ 5011 అనే పద్ధతిలో టెస్ట్ చేసిన అంకె ఇచ్చారా అని చూడాలి, ఇవ్వకపోతే దాచారనే అనుకోవాలి. మామూలు కాగితం ఫిల్టర్ ఈ పనిలో గట్టిది, పైగా కొంచెం దుమ్ము పట్టాక ఇంకా బాగా ఆపుద్ది. టైర్ల షాపులో గాలి గన్ను పెట్టి ఫట్‌ఫట్‌మని దులిపించే అలవాటు ఒకటుంది మన దగ్గర, దాంతో కాగితం చిల్లులు పడి ఫిల్టర్ చూడ్డానికి శుభ్రంగా, పనికి దండగ్గా తయారవుద్ది, దానికన్నా మురికిదే నయం.

కే అండ్ ఎన్, బీఎంసీ లాంటివి నూనె పట్టించిన నూలు వల ఫిల్టర్లు, గాలి బాగా వదులుతాయి, కడిగి మళ్లీ వాడుకోవచ్చు, అసలువైతే మంచి సరుకే. కానీ కడిగాక నూనె ఎంత పట్టించాలో తెలియక ధారపోస్తే ఆ నూనె ముందుకి పోయి మ్యాఫ్ సెన్సర్ (లోపలికి పోయే గాలిని కొలిచేది) మీద పొరలా పట్టుద్ది. చాలా టర్బో డీజిళ్లలో ఆ సెన్సర్ ఫిల్టర్ డబ్బా వెంటనే ఉంటది, అది తప్పు లెక్క ఇస్తే పికప్ చచ్చిపోవడం, చెక్ ఇంజన్ లైట్ రావడం మొదలు. నూనె తక్కువ పట్టిస్తే దుమ్ము ఆగదు. ఇంత దుమ్ములో రెండు మూడు నెలలకోసారి కడగాల్సి వస్తే, కడిగి ఆరేదాకా ఒక రోజు బండి కూర్చోవాలి, తడి ఫిల్టర్‌తో తోలేసేవాళ్లూ ఉన్నారు. నూనె లేని సింథటిక్ డ్రై ఫిల్టర్లు ఏఈఎం, ఏఎఫ్ఈ లాంటి కంపెనీలు చేస్తాయి, ఈ రెండు జిల్లాల బుగ్గికి అవే సరైనవనిపిస్తది. ఐదారు వందలకి దొరికే యూనివర్సల్ కోన్ మాత్రం ఎత్తి వెలుగులోకి పట్టి చూస్తే చాలు, కన్నాల్లోంచి అవతల మనిషి కనిపిస్తాడు.

నీళ్ల సంగతి. నిజమైన కోల్డ్ ఎయిర్ కిట్లలో కొన్ని ఫిల్టర్‌ని బానెట్ కింద కాకుండా ఫెండర్ లోపల, బంపర్ వెనక కిందకి దింపుతాయి, చల్లగాలి దొరికేది అక్కడే. రోడ్డు మీద నీళ్లు దొరికేదీ అక్కడే. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, 2021 సెప్టెంబరులో కళింగపట్నం దగ్గర దాటిన గులాబ్ గుర్తున్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, తుఫాను లేని మామూలు అల్పపీడనానికే గెడ్డలు పొంగి కల్వర్టుల మీంచి మోకాలి లోతు పారతాయి. కంపెనీ వాళ్లు ముక్కుని హెడ్‌లైట్ ఎత్తులో పెట్టింది ఊరికే కాదు. కిందున్న ఫిల్టర్ ఒక్కసారి మునిగితే ఇంజను నీళ్లు మింగుద్ది, నీళ్లు గాలిలా నలగవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోద్ది, అక్కడితో సరి. ఇన్సూరెన్స్‌లో ఇంజన్ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్ లేకపోతే ఆ డబ్బులు రావు, ఉన్నా ఇంటేక్ మార్చి ఉందని సర్వేయర్ చూస్తే వాదన పెరుగుద్ది. కాబట్టి ఫెండర్ రకం ఇక్కడ వద్దు, ఎంత బాగున్నా సరే.

ఇక మిగిలేవి రెండే దారులు, స్టాక్ డబ్బాలోనే మంచి ఫిల్టర్ వేసుకోవడం, లేదా మూత ఉన్న డబ్బా కిట్, అంటే గ్రిల్ నుంచే గాలి తీసుకుని చుట్టూ మూసి ఉండి స్టాక్ కన్నా పెద్ద ఫిల్టర్ పట్టేది. రెండో రకంలో చూడాల్సింది మెరిసే పైపు కాదు. పైపు అల్యూమినియమా, కార్బన్ ఫైబరా, ప్లాస్టికా అని గంటలు గంటలు కొట్టుకుంటారు, లోహం వేడెక్కుతది నిజమే, కానీ ఫుల్ థ్రాటిల్‌లో అర మీటరు పైపులో గాలి ఉండేది సెకనులో యాభయ్యో వంతు, అంతలో అది ఏం వేడెక్కుతది. చూడాల్సింది డబ్బా మూత రబ్బరు బానెట్‌కో అంచుకో సరిగ్గా ఆనుతోందా, ముక్కు స్టాక్ ఎత్తులోనే ఉందా, ఫిల్టర్ మెడ దగ్గర సందు లేకుండా కూర్చుందా. సిలికాన్ హోస్ అయితే మందంగా, పొరలు ఉన్నదై ఉండాలి, టర్బో ముందు ఉండేది లాగుడే కాబట్టి పలచటిది చప్పిడిపోయి గాలినే మూసేస్తది. క్రాంక్‌కేస్ బ్రీదర్ గొట్టం (ఇంజను కింది భాగంలోని ఆవిరిని తీసేది), కొన్ని బండ్లలో డైవర్టర్ వాల్వ్ గొట్టం (యాక్సిలరేటర్ వదిలినప్పుడు మిగిలిన బూస్ట్‌ని వెనక్కి పంపేది) ఈ పైపులోకే వస్తాయి, ఆ జాయింట్లు కిట్‌లో సరిగ్గా లేకపోతే ఫిల్టర్ దాటకుండానే దుమ్ముకి దొడ్డిదారి దొరికినట్టే. మ్యాఫ్ సెన్సర్ ఉన్న బండికి పైపు వ్యాసం సెన్సర్ దగ్గర స్టాక్ కొలతే ఉండాలి, ఒక్క మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్లు మారినా సెన్సర్ లెక్క తప్పుద్ది, ఎందుకంటే అది కొలిచేది గాలి వేగాన్ని, ఈసీయూ ఊహించుకునేది పాత వ్యాసాన్ని. బీచ్ వైపు ఊళ్లలో ఉండేవాళ్లు క్లాంపులు స్టెయిన్‌లెస్‌వి అడగాలి, ఉప్పుగాలికి మామూలువి ఏడాదిలోపే తుప్పు పట్టి ఊడతాయి.

వీటన్నిటికీ అర్థం ఉండేది బండి రీమ్యాప్ అయ్యుంటేనే, అంటే పవర్ కోసం ఈసీయూ సెట్టింగులు మార్పించి ఉంటేనే. స్టేజ్ వన్ (మొదటి స్థాయి రీమ్యాప్) కొట్టించి బూస్ట్ పెంచి గాలి 30 శాతం ఎక్కువ లాగుతుంటే అడ్డంకి 30 శాతం కాదు, దాదాపు 70 శాతం పెరుగుద్ది, అది గాలి వేగం స్క్వేర్ లెక్కన పెరుగుద్ది కాబట్టి. లెవెల్ పైపులో 30 సెంటీమీటర్లు చూపించిన డబ్బా అప్పుడు 50 చూపిస్తది, అప్పుడు మూత డబ్బా కిట్‌కి పదుల వేలు పెట్టినా తప్పు లేదు, పెద్ద టర్బో వేసుకుంటే ఇంక తప్పదు. రీమ్యాప్ లేని స్టాక్ బండికి, వాడేది ఆఫీసుకి, వారాంతం అరకుకి అయితే, డ్రై ప్యానెల్ ఫిల్టర్ (స్టాక్ డబ్బాలోనే పట్టే పలక లాంటిది) ఒకటి చాలు, కొత్త కంపెనీ కాగితం ఫిల్టర్ టైముకి మార్చుకున్నా చాలు. శబ్దం కోసమే వేసుకుంటున్నాం అనేవాళ్లతో తగువేం లేదు, అది నిజాయితీ అయిన కారణం, స్టాక్ డబ్బాలోని రెజొనేటర్ మింగేసే టర్బో ఈల వినడం కూడా ఒక సరదాయే, కాకపోతే ఆ సరదాకి మూత డబ్బా వేసుకున్నా సగం శబ్దం వస్తది, కోన్ అక్కర్లేదు.

చట్టం వైపు కూడా ఒక చూపు వేసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 2019 సవరణలో 182ఏ సెక్షన్ కింద, చట్టం ఒప్పుకోని మార్పు చేసిన ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలలదాకా జైలు గానీ, రెండూ గానీ ఉన్నాయి. స్టాక్ డబ్బాలో ఫిల్టర్ మార్చడాన్ని ఎవరూ మార్పు అనరు, డబ్బానే పీకేస్తే ఆ వాదన మొదలవుద్ది. వారంటీ ఉన్న బండైతే స్టాక్ డబ్బాని పారేయకుండా అటక మీద దాచాలి.

వేయించాక పికప్ ఎంత పెరిగిందో చూసుకోవడానికి ఓబీడీ (కారు కంప్యూటర్ చదివే సాకెట్) బ్లూటూత్ డాంగిల్ పెట్టి గాలి వేడి చూస్తారు చాలామంది, మంచిదే, కానీ టర్బో బండ్లలో ఆ సెన్సర్ చాలాసార్లు ఇంటర్‌కూలర్ తర్వాత ఉంటది, అక్కడ కనిపించే అంకెలో ఇంటేక్ వాటా ఎంత చిన్నదో పైన లెక్కలో చూసిందే. దానికన్నా పనికొచ్చే పరీక్ష ఇంకోటుంది. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక, ఇంజను ఆపి, ఫిల్టర్ విప్పి, దాని వెనక పైపు లోపల తెల్ల గుడ్డతో వేలు పెట్టి తుడవాలి. గుడ్డ తెల్లగా వస్తే ఆ ఇంటేక్ ఉంచుకోవచ్చు. ఎర్రగా వస్తే నిచ్చెన వేసుకుని అటక మీంచి పాత డబ్బా దించుకోవాలి.